శరీరంతో చేసే మానసిక చికిత్స: ఐదు పద్ధతుల్లో మీకు సరిపడేది ఎలా తేల్చుకోవాలి

హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్‌లో "బాడీ థెరపీ" అని వెతికితే ముందు స్పాలు వస్తాయి, తర్వాత మసాజ్ సెంటర్లు, ఆ తర్వాత ఫిజియోథెరపీ క్లినిక్‌లు. మనకు కావలసింది వేరే. పాత భయమో, దుఃఖమో, దెబ్బో ఒంట్లో ఎక్కడ బిగుసుకుని ఉందో గమనించుకుంటూ, శిక్షణ ఉన్న మనిషి సాయంతో దాన్ని మెల్లగా వదిలించుకునే మానసిక చికిత్స. సొమాటిక్ థెరపీ అని దీన్ని అంటున్నారు. ఆ ఒక్క పేరు కింద చాలా పద్ధతులు ఉన్నాయి, ఒకదానికి ఒకటి పోలిక తక్కువ, అందుకే జనం తికమకపడుతున్నారు.

నేనూ అలాగే తికమకపడ్డాను. 2019లో సూర్యాపేట దాటాక ముందు వెళ్తున్న లారీ సడన్‌గా ఆగింది, మా కారు వెళ్లి గుద్దుకుంది. మా ఆయన డ్రైవింగ్‌లో ఉన్నారు, నేను పక్క సీట్లో. ఇద్దరికీ చిన్న దెబ్బలే. నాలుగు నెలల తర్వాత మొదలైంది నాకు: కారణం లేకుండా గుండె దడ, మెడ పట్టేయడం, రాత్రి రెండింటికి ఉలిక్కిపడి లేవడం. ఇసిజి తీశారు, టూడీ ఎకో తీశారు, ఎండోస్కోపీ కూడా అయింది. అన్నీ నార్మల్. "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అన్నారు. ఎలా తగ్గించుకోవాలో ఎవరూ చెప్పలేదు. తర్వాత రెండేళ్లలో నేను ఈ పద్ధతుల్లో మూడు స్వయంగా చూశాను, మిగతా రెండు దగ్గరివాళ్లు చేస్తుంటే చూశాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పద్ధతి పేరు చూసి ఎంచుకోకండి. భయం వేసినప్పుడు మీ ఒళ్లు ఏం చేస్తుందో దాన్నిబట్టి ఎంచుకోండి. నేను మొదట తప్పు పద్ధతికి వెళ్లాను, ఆ ఆరు వారాలూ "నాకే ఏదో లోపం ఉంది, అందరికీ పనిచేసేది నాకు పనిచేయట్లేదు" అనుకుంటూ కుమిలిపోయాను. మీకు అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది, మీ ఒంటి తీరు. కొందరికి భయం వేస్తే ఒళ్లు ఎగసిపడుతుంది. గుండెల్లో రైళ్లు పరిగెడతాయి, చెమట పడుతుంది, ఒకచోట కూర్చోలేరు, చిన్న చప్పుడుకే అదిరిపడతారు, ఎవరేమన్నా కోపం వస్తుంది. ఇంకొందరికి సరిగ్గా ఎదురు. ఒళ్లు మొద్దుబారిపోతుంది, చేతులూ కాళ్లూ ఆడవు, మాట పెగలదు, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఎక్కడో దూరం నుంచి వినిపించినట్టు ఉంటుంది, ఏడవాలన్నా ఏడుపు రాదు. చాలామందికి రెండూ ఉంటాయి, పగలు ఒకటి రాత్రి ఒకటి. ఈ రెండు రకాలకూ ఒకే మందు పనిచేయదు. ఎగసిపడే ఒంటికి నెమ్మది కావాలి, మొద్దుబారిన ఒంటికి కొంచెం కదలిక కావాలి. మొద్దుబారిన మనిషిని కళ్లు మూసుకుని ఇంకా రిలాక్స్ అవ్వమంటే మరింత లోపలికి జారిపోతారు. మొదటి ఆరు వారాలు నాకు జరిగింది అదే.

రెండోది, జరిగింది ఒక్కసారి జరిగిన సంఘటనా, ఏళ్ల తరబడి సాగినదా. యాక్సిడెంటు, దొంగతనం, కాన్పులో ప్రాణం మీదికి రావడం, ఇవి మొదలూ చివరా ఉన్న సంఘటనలు. చిన్నప్పుడు రోజూ తిన్న దెబ్బలు, తాగివచ్చే నాన్న కోసం రాత్రిళ్లు తలుపు వైపు చూస్తూ పడుకోవడం, అత్తగారింట్లో పదేళ్ల అవమానం, వీటికి "ఆ రోజు" అని ఒక రోజు ఉండదు. చికిత్సకు పట్టే కాలం దీన్నిబట్టే మారుతుంది.

మూడోది, ఎవరైనా ముట్టుకుంటే మీకు ఎలా ఉంటుంది. నాలుగోది, ఆ పద్ధతి మీద సరైన పరిశోధన ఎంత జరిగింది. ఐదోది డబ్బు, సమయం, తెలుగులో మాట్లాడే థెరపిస్టు దొరకడం.

ఈ చివరి మాట చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం చాలా పెద్ద విషయం. ఈ చికిత్సలో మాటిమాటికీ అడిగే ప్రశ్న ఒకటే: "ఇప్పుడు ఒంట్లో ఏం తెలుస్తోంది?" ఇంగ్లీషులో అడిగితే నేను "టైట్", "హెవీ" అని రెండు మాటలు చెప్పి ఆగిపోయేదాన్ని. తెలుగులో అడిగిన రోజు నోటికి వచ్చిన మొదటి మాట "గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టుంది" అని. ఎక్కడ ఉందో, ఎంత ఉందో, మింగలేక కక్కలేక ఎలా ఉందో అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంది, గుండె మీద బండ పెట్టినట్టుంది, నోరు పిడచకట్టుకుపోయింది, ఒళ్లు ఝల్లుమంది. మన భాష ఎప్పటినుంచో భయాన్నీ బాధనూ ఒంటితోనే చెబుతోంది. అమెరికాలో ఉన్నవాళ్లు కూడా, థెరపిస్టుకి తెలుగు రాకపోయినా సరే, ముందు తెలుగులో పైకి అనేసి తర్వాత అర్థం చెప్పండి. నా స్నేహితురాలు డాలస్‌లో అలాగే చేస్తోంది.

ఇంకో మాట. ఏ పద్ధతికి వెళ్లినా ముందు ఒకసారి మామూలు డాక్టరుకు చూపించుకుని థైరాయిడ్, రక్తహీనత, బి12, ఇసిజి పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ ఎక్కువైనా అచ్చం యాంగ్జైటీ లాగే గుండె దడ, వణుకు, నిద్రలేమి వస్తాయి.

సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్

అమెరికాకు చెందిన పీటర్ లెవిన్ 1970లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆయన ఆలోచన ఇలా ఉంటుంది. ప్రమాదం వచ్చినప్పుడు ఒళ్లు పారిపోవడానికో తిరగబడటానికో సిద్ధమవుతుంది, రెండూ కుదరకపోతే బిగుసుకుపోతుంది. ప్రమాదం దాటాక కూడా ఆ సిద్ధపడటం ఒంట్లో సగంలో ఆగిపోయి ఉంటుంది. దాన్ని కొంచెం కొంచెంగా, ఒంటికి తట్టుకునే మోతాదులో, పూర్తి కానివ్వాలి.

బయటి నుంచి చూస్తే ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. కుర్చీలో ఎదురెదురుగా కూర్చుంటారు. నా మూడో సెషన్‌లో మా థెరపిస్టు, ఆవిడ, యాక్సిడెంట్ గురించి అడగనేలేదు. కుర్చీకి వీపు ఎక్కడ ఆనుతోంది, గదిలో కంటికి హాయిగా ఉన్న వస్తువేది, ఇవే అడిగారు. కాసేపయ్యాక "మీ కుడికాలు ఏం చేస్తోందో చూడండి" అన్నారు. చూస్తే నా పాదం నేలను గట్టిగా నొక్కుతోంది. ఆ రోజు పక్క సీట్లో కూర్చుని, నా ముందు లేని బ్రేకుని తొక్కిన పాదం అది. ఆవిడ ఆపమనలేదు. ఇంకా నెమ్మదిగా, ఇంకా పూర్తిగా, ఎంత నొక్కాలనిపిస్తే అంత నొక్కమన్నారు. తొడ వణికింది, వేడిగా అయింది, ఆవలింతలు వచ్చాయి, తర్వాత కన్నీళ్లు వచ్చాయి, ఎందుకో నాకే తెలియదు. ఇలాంటివి వస్తే కంగారు పడకండి. వణుకు, ఆవలింతలు, కడుపులో గుడగుడ, చేతుల్లో చీమలు పాకినట్టు ఉండటం, ఇవన్నీ ఈ సెషన్లలో మామూలే.

దీని బలం, జరిగింది మొదటి నుంచి చివరిదాకా చెప్పాల్సిన పని లేకపోవడం. చెప్పలేనివాళ్లకు, చెబితే కూలిపోతామని భయపడేవాళ్లకు ఇది పెద్ద ఊరట. మొద్దుబారే ఒళ్లు ఉన్నవాళ్లకు కూడా ఇది నప్పుతుంది, ఎందుకంటే చిన్న చిన్న కదలికలతో మొదలుపెడతారు. పాట్ ఆగ్డెన్ రూపొందించిన సెన్సరీమోటార్ సైకోథెరపీ కూడా దీనికి దగ్గరిదే, కాకపోతే అందులో ఒంటి గమనింపుతో పాటు మాటలూ ఆలోచనలూ కొంచెం ఎక్కువ పాలు ఉంటాయి.

బలహీనతలు కూడా చెప్పాలి. పరిశోధన ఉంది కానీ తక్కువ. 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఇజ్రాయెల్‌లో 63 మందితో వారానికొకటి చొప్పున 15 సెషన్లు చేసి చూశారు. చికిత్స కోసం ఎదురుచూస్తున్నవాళ్లతో పోలిస్తే వీళ్లకు లక్షణాలు బాగా తగ్గాయి. 2004 సునామీ తర్వాత తమిళనాడు మత్స్యకార గ్రామాల్లో ఇలాంటి పద్ధతితో పనిచేసిన బృందం 2008లో ఫలితాలు ప్రచురించింది. చాలామందికి మేలు కనిపించింది, కానీ అక్కడ పోల్చి చూడటానికి చికిత్స అందని గుంపు లేదు. కాబట్టి "నిరూపితమైంది" అని ఎవరైనా గట్టిగా చెబితే నమ్మకండి. ఇంకో చిక్కు, దీని శిక్షణ మూడేళ్లపాటు విడతలుగా సాగే కోర్సు, మసాజ్ చేసేవాళ్లూ యోగా నేర్పేవాళ్లూ కూడా చేయవచ్చు. అంటే ఆ సర్టిఫికెట్ ఉన్న ప్రతివారూ సైకాలజిస్టు కారు. అమెరికాలో ఉన్నా ఇదే సంగతి, ఆ సర్టిఫికెట్ వేరు, రాష్ట్రం ఇచ్చే థెరపీ లైసెన్సు వేరు. రెండూ ఉన్నాయా అని అడగాలి.

ఇఎండిఆర్

ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్ అనే పేరుకు పొట్టి రూపం ఇది. కళ్లు అటూ ఇటూ తిప్పిస్తారు అని చాలామంది విని ఉంటారు. అమెరికన్ సైకాలజిస్టు ఫ్రాన్సిన్ షపీరో 1987లో ఈ ఆలోచనకు వచ్చి, 1989లో మొదటి అధ్యయనం ప్రచురించారు. ఇది పూర్తిగా శరీరంతో చేసే చికిత్స అనకూడదేమో, కానీ ప్రతి మెట్టులోనూ ఒంటి కబురు అడుగుతారు కాబట్టి ఈ వరుసలో పెట్టాను. ఎనిమిది దశలు ఉంటాయి. మొదటి రెండూ మీ సంగతి తెలుసుకోవడం, మిమ్మల్ని సిద్ధం చేయడం. మూడో దశలో ఒక జ్ఞాపకాన్ని ఎంచుకుని, అందులో అన్నిటికంటే ఇబ్బందిపెట్టే దృశ్యం ఏది, దాన్ని తలుచుకుంటే మీ గురించి మీకు ఏమనిపిస్తుంది, 0 నుంచి 10లో బాధ ఎంత, ఒంట్లో ఎక్కడ ఉంది అని అడుగుతారు. తర్వాత ఆ దృశ్యాన్ని మనసులో పెట్టుకుని థెరపిస్టు వేళ్ల వెంట కళ్లు కదుపుతారు, లేదా మోకాళ్ల మీద మార్చి మార్చి తడతారు. అరనిమిషం చేసి ఆపి "ఇప్పుడేం వస్తోంది?" అంటారు. మళ్లీ మొదలు. చివర్లో తల నుంచి పాదాల దాకా ఒళ్లంతా గమనించుకుని, ఎక్కడైనా బిగువు మిగిలిందేమో చూసే దశ విడిగా ఉంటుంది.

ఈ ఐదిట్లో పరిశోధన బలం ఎక్కువ ఉన్నది దీనికే. పెద్దవాళ్లలో పీటీఎస్‌డీకి, అంటే భయంకరమైన సంఘటన తర్వాత మనసునూ ఒంటినీ వెంటాడే జబ్బుకు, వాడదగిన చికిత్సల్లో దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో చేర్చింది. కళ్లు కదపడం వల్లే మేలు జరుగుతుందా, జ్ఞాపకాన్ని సురక్షితంగా మళ్లీ చూడటం వల్లా అనే వాదన పరిశోధకుల్లో ఇప్పటికీ ఉంది. నా మట్టుకు ఆ వాదన తేలేదాకా ఆగాల్సిన పని లేదు.

ఒక్క సంఘటన ఉన్నవాళ్లకు ఇది త్వరగా పనిచేస్తుంది. ఏళ్ల తరబడి నలిగినవాళ్లకు సిద్ధం చేసే దశకే నెలలు పట్టవచ్చు, ఆ నెలలు తగ్గించమని తొందరపెట్టకండి. మొదటి సెషన్‌లోనే కళ్లు తిప్పించడం మొదలుపెట్టే థెరపిస్టు అయితే నేను రెండోసారి వెళ్లను. సెషన్ తర్వాత రెండు మూడు రోజులు కలలు ఎక్కువ రావడం, పాత సంగతులు గుర్తుకు రావడం, చిరాకు ఉంటాయి. అందుకని ఆఫీసులో ముఖ్యమైన మీటింగ్ ఉన్న రోజుకు ముందురోజు సెషన్ పెట్టుకోకండి. మూర్ఛ, కంటి జబ్బులు ఉన్నా, గర్భంతో ఉన్నా ముందే చెప్పాలి.

ట్రామాను దృష్టిలో పెట్టుకున్న యోగా

"మాకు యోగా కొత్తేంటి" అంటారు. నిజమే, కానీ మన వీధి చివర ఉదయం ఆరింటికి జరిగే క్లాసు వేరు, ఇది వేరు. మామూలు క్లాసులో గురువుగారు వెనక నుంచి వచ్చి నడుము పట్టుకుని సరిచేస్తారు, చివర్లో శవాసనంలో కళ్లు మూయిస్తారు. దెబ్బతిన్న మనిషికి వెనక నుంచి పడిన ఆ చెయ్యే చాలు, రెండు రోజులు నిద్ర ఉండదు. ట్రామాను, అంటే మనసుకు తగిలిన పెద్ద దెబ్బను, దృష్టిలో పెట్టుకున్న ఈ యోగాలో ఎవరూ ముట్టుకోరు. "చెయ్యండి" అనరు, "కావాలంటే చెయ్యి ఎత్తి చూడవచ్చు, వద్దనుకుంటే అలాగే ఉండవచ్చు" అంటారు. కళ్లు తెరిచి ఉంచుకోవచ్చు, గుమ్మం కనబడేచోట కూర్చోవచ్చు. ఆసనం అందంగా రావడం ముఖ్యం కాదు, నా ఒంటి మీద నిర్ణయం నాది అని ఒంటికే తెలియడం ముఖ్యం.

2014లో మనోరోగ వైద్యుడు బెసెల్ వాన్ డెర్ కోల్క్ బృందం వేరే చికిత్సలకు లొంగని పీటీఎస్‌డీ ఉన్న 64 మంది స్త్రీలతో 10 వారాల అధ్యయనం చేసింది. యోగా చేసినవాళ్లలో 52 శాతం మందికి, ఆరోగ్య పాఠాల తరగతికి వెళ్లినవాళ్లలో 21 శాతం మందికి చివరికి పీటీఎస్‌డీ నిర్ధారణ తొలగిపోయింది. చిన్న అధ్యయనమే, అయినా తీసిపారేయదగ్గది కాదు.

మన ఊళ్లలో ఈ శిక్షణ ఉన్న టీచర్లు దొరకడం కష్టం. మామూలు క్లాసుకే వెళ్లాల్సివస్తే టీచరుతో ముందే "నన్ను ముట్టుకోకండి, శవాసనం నేను కూర్చునే చేస్తాను" అని చెప్పేయండి. పానిక్, అంటే ఉన్నట్టుండి ముంచెత్తే భయం, వచ్చేవాళ్లు కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం మొదట్లో మానేయడం మంచిది. వేగంగా ఊపిరి తీస్తే వేళ్లు తిమ్మిరెక్కి, తల తిరిగి, అచ్చం పానిక్ లాగే ఉంటుంది, దాంతో నిజంగానే పానిక్ వస్తుంది. మా పిన్ని టీవీ చూసి భస్త్రిక మొదలుపెట్టి నాలుగో రోజు ఎమర్జెన్సీకి వెళ్లింది, గుండెపోటు అనుకుని.

డ్యాన్స్ మూవ్‌మెంట్ థెరపీ

నాట్యం రావాల్సిన పని లేదు. మేరియన్ చేస్ అనే ఆవిడ 1942లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక ఆసుపత్రిలో రోగులతో మొదలుపెట్టిన పని ఇది. మన దేశంలో కోల్‌కతా సంవేద్ సంస్థ హింస నుంచి బయటపడిన ఆడవాళ్లతో ఏళ్లుగా దీన్ని వాడుతోంది. గుంపులో చేస్తారు, ఒకరి కదలికను ఇంకొకరు అద్దంలా అనుసరించడం లాంటివి ఉంటాయి. మొద్దుబారినవాళ్లకు, ఒంటరిగా ఉండేవాళ్లకు, మాట్లాడటం అసలు ఇష్టం లేనివాళ్లకు బాగుంటుంది. నలుగురిలో ఒళ్లు కదపాలంటే ప్రాణం పోయేవాళ్లకు మొదటి అడుగుగా వద్దు. ఇంతకంటే ఎక్కువ చెప్పేంత దగ్గరగా నేను చూడలేదు.

జేపీఎంఆర్, నెమ్మది శ్వాస, బయోఫీడ్‌బ్యాక్

క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే మన దగ్గర మొదట నేర్పేవాటిలో జేపీఎంఆర్ ఒకటి, అంటే జేకబ్‌సన్ కండరాల సడలింపు. ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే అమెరికన్ వైద్యుడు దాదాపు నూరేళ్ల కిందట తయారుచేసినది. పిడికిలి ఐదారు సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలి, అరనిమిషం ఆ తేడాను గమనించాలి. తర్వాత ముంజేయి, భుజం, ముఖం, అలా పాదాల దాకా. దీనితో పాటు నిమిషానికి ఆరు సార్లు ఊపిరి తీసేంత నెమ్మది శ్వాస నేర్పుతారు. బయోఫీడ్‌బ్యాక్ అయితే గుండె వేగమో కండరాల బిగువో తెర మీద చూపిస్తూ దాన్ని తగ్గించడం నేర్పుతారు.

తక్కువ ఖర్చు, ఇంట్లో చేసుకోవచ్చు, నాలుగైదు సెషన్లలో వచ్చేస్తుంది. నిద్ర పట్టనివాళ్లకు, పరీక్షల టెన్షన్, ఆఫీసు ఒత్తిడి, టెన్షన్ తలనొప్పులు ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. కానీ ఇది లక్షణాన్ని తగ్గించే పనిముట్టు, పాత దెబ్బ దగ్గరికి వెళ్లదు. పైగా కొందరికి ఒళ్లు వదులైతే భయం పెరుగుతుంది. ఏళ్ల తరబడి బిగుసుకుని కాపలా కాస్తున్న ఒంటికి వదులవడమంటే కాపలా దిగడమే కదా. నేను మొదట వెళ్లిన "తప్పు పద్ధతి" ఇదే. పద్ధతిలో తప్పు లేదు, ఆ సమయానికి నాకు సరిపడలేదు, అంతే. ఇప్పుడు రోజూ రాత్రి చేస్తున్నాను.

ఒక్క చూపులో

| పద్ధతి | ఎవరికి నప్పుతుంది | జరిగింది చెప్పాలా | స్పర్శ | పరిశోధన | మామూలుగా పట్టే కాలం |
|---|---|---|---|---|---|
| సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ | మొద్దుబారే ఒళ్లు, చెప్పుకోలేనివాళ్లు | కొద్దిగా చాలు | కొందరు వాడతారు, వద్దనవచ్చు | కొంత | నెలలు, ఒక్కోసారి ఏడాది పైన |
| ఇఎండిఆర్ | ఒక్క సంఘటన, వెంటాడే దృశ్యాలు | వివరంగా అక్కర్లేదు, మనసులో చూడాలి | మోకాళ్ల మీద తట్టడం, అదీ ఇష్టమైతేనే | బలంగా ఉంది | ఒక్క సంఘటనకు కొన్ని వారాలు, మిగతావాటికి నెలలు |
| ట్రామా యోగా | ఒంటి మీద పట్టు పోయిందనిపించేవాళ్లు | అక్కర్లేదు | ఉండదు | కొంత | 10 వారాల నుంచి |
| డ్యాన్స్ మూవ్‌మెంట్ | ఒంటరితనం, మొద్దుబారడం | అక్కర్లేదు | గుంపునుబట్టి | కొంత | నెలలు |
| జేపీఎంఆర్, శ్వాస | ఎగసిపడే ఒళ్లు, నిద్రలేమి, ఒత్తిడి | అక్కర్లేదు | ఉండదు | ఆందోళన తగ్గించడంలో బాగా ఉంది | నాలుగైదు సెషన్లు, తర్వాత రోజూ ఇంట్లో |

మీ పరిస్థితినిబట్టి నా సలహా

యాక్సిడెంటో, ఒక్కసారి జరిగిన దాడో అయి, ఆ దృశ్యం కళ్ల ముందు ఆడుతూ ఉంటే, మంచి ఇఎండిఆర్ థెరపిస్టు దొరికితే అక్కడే మొదలుపెట్టండి. దృశ్యం అసలు గుర్తులేదు, ఒళ్లు మాత్రం గుర్తుపెట్టుకుంది అనిపిస్తే సొమాటిక్ వైపు వెళ్లండి. నేను దాదాపు ఏడాది సొమాటిక్ చేశాక, మిగిలిన ఒకే ఒక్క దృశ్యం కోసం ఐదు సెషన్లు ఇఎండిఆర్‌కు వెళ్లాను. అలా కలపడం తప్పేమీ కాదు, కాకపోతే ఇద్దరు థెరపిస్టుల దగ్గర ఒకేసారి వద్దు.

చిన్ననాటి నుంచీ నలిగినవాళ్లకు నా మాట ఒకటే, నెమ్మదిగా వెళ్లేవాళ్లను వెతుక్కోండి, పద్ధతి ఏదైనా సరే. రెండు రోజుల వర్క్‌షాపులో పెద్దగా ఏడిపించి, అరిపించి "అంతా బయటికి వచ్చేసింది" అనే చోట్లకు వెళ్లకండి. ఆ రోజు తేలికగానే ఉంటుంది, ఇంటికి వచ్చాక ఆ తెరిచిన గాయాన్ని చూసుకునే మనిషి ఉండరు.

డబ్బు ఇబ్బంది ఉంటే, హైదరాబాద్‌లో నేను వాకబు చేసిన చోట్ల గంట సెషన్‌కు 1,000 నుంచి 3,000 రూపాయల దాకా అడిగారు, వారానికొకటి అంటే మధ్యతరగతి ఇంటికి భారమే. అప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం గానీ, విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల గానీ, దగ్గరి ప్రభుత్వ బోధనాసుపత్రి సైకియాట్రీ ఓపీ గానీ చూడండి. అక్కడ సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ దొరుకుతుందని ఆశించకండి. కానీ డాక్టరు, అవసరమైతే మందులు, సడలింపు నేర్పే సైకాలజిస్టు దొరకవచ్చు. రెండు వారాలకొకసారి సెషన్ పెట్టుకోవచ్చా అని ప్రైవేటు థెరపిస్టులను అడగడానికి మొహమాటపడకండి. ఒప్పుకునేవాళ్లు ఉన్నారు.

చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తున్నా, లేనివి వినిపిస్తున్నా కనిపిస్తున్నా, రోజుల తరబడి నిద్ర లేకుండా హుషారుగా తిరుగుతున్నా, ఈ ఐదిట్లో ఏదీ మొదటి అడుగు కాదు. ముందు సైకియాట్రిస్టు. ఆసుపత్రికి వెళ్లలేకపోతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఇప్పటికే మందులు వాడుతుంటే, థెరపీ మొదలుపెట్టామని వాటిని సొంతంగా ఆపేయకండి.

ఫోన్‌లోనే అడగాల్సినవి

మీ అసలు చదువేంటి అని అడగండి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడిగితే చెప్పాలి. కౌన్సెలర్లకు ఆ నంబరు ఉండకపోవచ్చు, అందుకని వాళ్లు పనికిరారని కాదు, కానీ అప్పుడు ఎక్కడ చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారు అని ఇంకా గట్టిగా అడగాలి. ఈ పద్ధతిలో శిక్షణ ఎన్నాళ్లు తీసుకున్నారు, వారాంతపు కోర్సా, పూర్తి కోర్సా? సెషన్‌లో నేను మొద్దుబారిపోతే మీరేం చేస్తారు? ఈ ప్రశ్నకు వచ్చే జవాబే నాకు అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది. "ఆగి, కళ్లు తెరిపించి, గదిలోకి తీసుకొస్తాను" తరహాలో చెబితే అనుభవం ఉన్నట్టు. "అలా ఏమీ జరగదు లెండి" అంటే వద్దు.

స్పర్శ సంగతి మొహమాటం లేకుండా అడగండి, ముఖ్యంగా ఆడవాళ్లు. ఈ చికిత్సల్లో ఎక్కువ భాగం అసలు ముట్టుకోకుండానే జరుగుతాయి. ముట్టుకోవాల్సివస్తే ఎక్కడ, ఎందుకు, ఎంతసేపు అని ముందే చెప్పి, ప్రతిసారీ అడిగి, మీరు సరే అన్నాకే చేయాలి. నిన్న సరే అన్నది ఇవాళ వద్దనవచ్చు. బట్టలు తీయాల్సిన అవసరం ఏ సెషన్‌లోనూ ఉండదు. "నువ్వు అడ్డుకుంటున్నావు కాబట్టే తగ్గట్లేదు" అని ఒత్తిడి తెచ్చినా, సెషన్ సంగతి ఇంట్లో చెప్పవద్దన్నా అక్కడే లేచి వచ్చేయండి, కట్టిన డబ్బు గురించి ఆలోచించకండి.

మొదటి ఆరు సెషన్లు ఎలా ఉంటాయి

మొదటిదంతా ప్రశ్నలే: ఆరోగ్యం, మందులు, నిద్ర, ఇంట్లో ఎవరున్నారు. రెండు మూడు సెషన్లు "ఇదేంటి, పాదాలు నేల మీద ఎలా ఉన్నాయో చూడమంటున్నారు, దీనికా డబ్బు కట్టాను" అనిపిస్తుంది. అనిపించనివ్వండి. తట్టుకునే బలం ముందు కట్టి, ఆ తర్వాతే గాయం జోలికి వెళ్లాలి, మంచి థెరపిస్టులంతా ఈ వరుసలోనే పనిచేస్తారు. "నాకేమీ తెలియట్లేదు" అనేది కూడా సరైన జవాబే, ఏదో ఒకటి చెప్పాలని కల్పించకండి. సెషన్ అయ్యాక వెంటనే బండి తీయకండి, పది నిమిషాలు కూర్చుని మంచినీళ్లు తాగి బయల్దేరండి. ఆ రాత్రి నిద్ర ఎక్కువ పట్టవచ్చు, అసలు పట్టకపోవచ్చు. ఒకటి రెండు రోజులు అలసటగా ఉండటం మామూలే, వారమంతా పనులు చేసుకోలేని స్థితి మాత్రం మామూలు కాదు, మోతాదు ఎక్కువైందని థెరపిస్టుకు చెప్పాలి.

మార్పు తెలియాలంటే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. రోజూ రాత్రి మూడే రాయండి: ఎన్ని గంటలు పడుకున్నాను, ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డాను, ఉలిక్కిపడ్డాక మామూలుగా అవడానికి ఎంతసేపు పట్టింది. ముందు మారేది ఆ మూడోది. నాకు ఎనిమిదో వారంలో ఉలికిపాట్లు అన్నే ఉన్నాయి, కానీ గంట పట్టేది పది నిమిషాలకు వచ్చింది. నోట్‌బుక్ లేకపోతే నేను అది గమనించేదాన్నే కాదు, మానేసేదాన్ని.

ఆరు నుంచి ఎనిమిది సెషన్లు అయ్యాక ఆ అంకెల్లో ఏ కదలికా లేకపోతే థెరపిస్టుతో కూర్చుని మాట్లాడండి. మార్చాలనుకుంటే మెసేజ్ పెట్టి ఊరుకోకుండా చివరి సెషన్ ఒకటి అడగండి. మీ ఒళ్లు దేనికి తెరుచుకుంది, దేనికి బిగుసుకుంది, ఏది అసలు ముట్టుకోలేదు అని వాళ్ల నోటి వెంట విని రాసుకోండి, వీలైతే ఒక పేజీ సారాంశం రాయించుకోండి. కొత్త థెరపిస్టు దగ్గర మళ్లీ మొదటి నుంచి అంతా చెప్పుకునే బాధ ఆ ఒక్క పేజీతో సగం తప్పుతుంది.